మూడో బెడ్ క్రిమి, ఐదో బెడ్ క్రిమి ఒకటేనా?

కల్చర్ రిపోర్ట్ ఒక్క కాగితమే. పైన పేషెంట్ పేరు, వయసు, బెడ్ నంబరు. దాని కింద బ్యాక్టీరియా పేరు: క్లెబ్సియెల్లా నిమోనియే. ఆ కింద పదిహేను ఇరవై మందుల పేర్లు, ఒక్కో మందు ఎదురుగా ఒక్కో అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఐసీయూ బయట బెంచీ మీద నాలుగు రోజులు కూర్చున్నవాళ్లకి, చదువుతో పనిలేకుండానే, ఈ కాగితం చూడటం వచ్చేస్తుంది. ఆర్, ఆర్, ఆర్ అంటూ వేలు కిందికి జరుగుతుంది. బలమైన యాంటీబయాటిక్ మెరోపెనెమ్ దగ్గర కూడా ఆర్ కనిపిస్తే డాక్టర్ ఏం చెబుతారో ముందే తెలిసిపోతుంది: "హై యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగడం లేదమ్మా, వేరే మందు మొదలుపెడుతున్నాం."

ఒక పది బెడ్ల ఐసీయూని ఊహించుకుందాం. మూడో బెడ్‌లో పురుగుమందు తాగిన కుర్రాడు, రెండు వారాలుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఐదో బెడ్‌లో కట్లపాము కరిచిన కౌలురైతు, అతనికీ వెంటిలేటరే ఊపిరి. గోదావరి డెల్టా ఐసీయూలకు ఇలాంటి కేసులు కొత్త కాదు. వారం తేడాలో ఇద్దరి కల్చర్‌లోనూ క్లెబ్సియెల్లా వచ్చింది. ఇద్దరివీ అవే ఆర్‌లు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దానికి ఆ కాగితం జవాబు చెప్పదు. మూడో బెడ్ నుంచి క్రిమి ఐదో బెడ్‌కి నడిచిందా? లేక ఎవరి క్రిమిని వాళ్లే బయటి నుంచి తెచ్చుకున్నారా?

ఈ ఇద్దరి వైద్యం వరకు జవాబు ఏదైనా ఒకటే, మందులు మారవు. ఈ రాత్రి నాలుగో బెడ్‌లోకి వచ్చే మనిషికి మాత్రం ఆ జవాబు మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. నడిచిందంటే ఐసీయూలోనే ఎక్కడో దారి ఉంది. ఎవరి చేతులో, ఏ సక్షన్ ట్యూబో, ఏ సింకో, దాన్ని వెతికి మూసేయాలి. బయటి నుంచి వచ్చిందంటే కాపలా గుమ్మం దగ్గర పెట్టాలి. చేర్చుకునేటప్పుడే స్వాబ్ తీసి చూడాలి, వేరే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లని ఫలితం వచ్చేదాకా విడిగా ఉంచాలి. రెండూ వేర్వేరు పనులు, రెండింటికీ డబ్బూ మనుషులూ కావాలి. ఉన్న కాస్త బలాన్ని ఎటు పెట్టాలో తేల్చేది జన్యు టైపింగ్, అంటే క్రిమి జన్యువుల్ని చూసి అది ఏ రకమో గుర్తుపట్టే పరీక్ష. దీన్ని పరిశోధకుల వ్యవహారంగా, పేపర్లు రాసుకునేవాళ్ల పనిగా పక్కన పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. అది పొరపాటు. శానిటైజర్ సీసా ఐసీయూకి ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఆర్‌లు ఒకటే కదా, క్రిమి కూడా ఒకటే అయ్యుంటుంది అనుకోవడం సహజం. కానీ మన దేశంలో ఆ లెక్క నిలవదు. ఐసీయూల్లో కనిపించే అసినెటోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియాలో పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెమ్ తరహా మందులకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వార్షిక నివేదికలు కొన్నేళ్లుగా చెబుతున్నాయి. క్లెబ్సియెల్లాలోనూ సగానికి పైగా అదే పరిస్థితి. ఊళ్లో సగం మంది తెల్ల చొక్కాలే వేసుకునే చోట తెల్ల చొక్కా చూసి దొంగని పట్టలేం. తిరకాసు ఇంకోవైపు నుంచి కూడా ఉంది. ఒకే క్రిమి సంతతిలో ఒకటి నిరోధక జన్యువుని పోగొట్టుకుని, ఇంకొకటి కొత్తది తెచ్చుకుని, రెండు రిపోర్టుల్లో రెండు రకాలుగా కనిపించొచ్చు. అప్పుడు నిజంగా పాకుతున్న క్రిమిని "వేరేది" అని వదిలేస్తాం.

గట్టు మీద నుంచి చూస్తే చేలన్నీ పచ్చగానే ఉంటాయి. అందుకే గోదావరి రైతు వరి అనగానే ఊరుకోడు, ఏం రకం అని అడుగుతాడు. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన నంబర్లు ఇక్కడ ఇంటి పేర్ల లాంటివి. ఎంటీయూ 7029 అంటే 1982లో వచ్చిన స్వర్ణ, 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, 1001 అంటే విజేత. నంబరు చెబితే చాలు, పంటకాలం ఎంతో, గింజ ఎలా ఉంటుందో చెప్పేస్తారు. క్లెబ్సియెల్లా అనేది వరి అన్నంత పెద్ద మాట. అందులోనూ రకాలున్నాయి, వాటికీ నంబర్లున్నాయి. మన దేశపు ఆసుపత్రుల్లో తరచూ తగిలేవి 231, 147, 14, 395 నంబర్ల రకాలు. ఈ నంబరిచ్చే పద్ధతి పేరు ఎంఎల్‌ఎస్‌టీ. 1998లో మెనింజైటిస్ బ్యాక్టీరియాతో మొదలైంది. క్రిమి బతకడానికి తప్పనిసరైన 7 జన్యువులను ఎంచుకుని, ఒక్కోదాంట్లో కొంత ముక్క చదివి, ఆ ఏడింటి కలయికకు ఒక నంబరు ఇస్తారు. ఈ నంబరు కాకినాడలో చూసినా కొలంబోలో చూసినా ఒకటే. అదే దీని బలం.

దీనికో హద్దుంది. రెండు చేలలోనూ స్వర్ణే ఉంది కదాని విత్తనం ఒకే బస్తాలోది అనలేం. మూడో బెడ్‌లోనూ ఐదో బెడ్‌లోనూ 231 వచ్చిందంటే ఒకరి నుంచి ఒకరికి పాకి ఉండొచ్చు, దేశమంతా ఉన్న 231 ఇద్దరికీ విడివిడిగా తగిలి ఉండొచ్చు. నంబర్లు వేరైతే మాత్రం జవాబు తేలిపోయినట్టే. ఆ ఇద్దరి మధ్య ఆ క్రిమి నడవలేదు. కాదని చెప్పడంలో ఎంఎల్‌ఎస్‌టీకి ఉన్నంత గట్టితనం అవునని చెప్పడంలో లేదు.

అంతకుముందు నుంచీ ఉన్న పద్ధతి పల్స్‌డ్ ఫీల్డ్ జెల్. 1984లో వచ్చింది, చాలా ఏళ్లు ఈ పనికి ఇదే కొలబద్ద. క్రిమి డీఎన్‌ఏని ఒక ఎంజైమ్‌తో కొన్ని పెద్ద ముక్కలుగా కోసి, జెల్‌లో పెట్టి, కరెంటు దిశని మార్చి మార్చి పంపుతారు. చిన్న ముక్కలు ముందుకి పరుగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. చివరికి ఒక్కో క్రిమికి ఒక్కో చారల వరస, సరుకుల డబ్బా మీద బార్‌కోడ్ లాగా. రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడటమే. చారలన్నీ కలిస్తే ఒకటే, రెండు మూడు తేడా వస్తే దగ్గర చుట్టం, ఏడు, అంతకు మించితే సంబంధం లేదు అని 1995లో ఒక లెక్క పెట్టుకున్నారు. చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి, కొన్ని రోజులు పడుతుంది, ఒక లాబ్ జెల్‌ని ఇంకో లాబ్ జెల్‌తో పోల్చడం కష్టం. అయినా ఎన్నో ఆసుపత్రుల్లో పాకుడుని పట్టించింది ఆ చారలే.

ఇప్పుడు మొత్తం జన్యుపటం చదివేస్తున్నారు. క్లెబ్సియెల్లా జన్యుపటం 50 లక్షలకు పైగా అక్షరాల పుస్తకం. ఎంఎల్‌ఎస్‌టీ అందులో చదివేది సుమారు 3 వేలు. మొత్తం చదివితే ఏం కలిసొస్తుందో తెలుగువాళ్లకు తాటాకు పుస్తకాలతో చెబితే తొందరగా అర్థమవుతుంది. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోగేసి, పండితుల చేత ఎదురెదురుగా పెట్టించి పోల్పించాడు. రాయసగాడు ఒకచోట అక్షరం తప్పు రాస్తే, ఆ ప్రతిని చూసి రాసుకున్నవాళ్లందరి ప్రతుల్లోనూ ఆ తప్పు ఉంటుంది, పైగా వాళ్ల సొంత తప్పులు కొన్ని కలుస్తాయి. తప్పుల్ని పట్టుకుని వెనక్కి పోతే ఏ ప్రతికి ఏది మాతృకో తెలుస్తుంది. క్రిమి కూడా తన పుస్తకాన్ని తానే రాసుకుంటూ పెరుగుతుంది, ఏడాదికి కొన్ని అక్షరాలు తప్పు పడతాయి. రెండు బెడ్ల క్రిముల మధ్య ఐదారు అక్షరాలే తేడా ఉంటే ఈ మధ్యనే విడిపోయిన కుటుంబం. వందల్లో, వేలల్లో తేడా ఉంటే ఈ ఐసీయూలో కలిసినవి కావు. క్లెబ్సియెల్లాకి ఇరవై, పాతిక అక్షరాల దగ్గర గీత గీసేవాళ్లు ఎక్కువ. ఆ గీత శిలాశాసనం కాదు. ఎన్నాళ్ల తేడాతో శాంపిల్ తీశారు, ఇద్దరూ ఒకే రోజుల్లో ఒకే గదిలో ఉన్నారా అన్నది పక్కన పెట్టి చూడకపోతే అంకె మోసం చేస్తుంది.

ఈ చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో 2011లో అమెరికాలో చూశారు. బెథెస్డాలో అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నడిపే ఆసుపత్రి, క్లినికల్ సెంటర్‌కి జూన్‌లో న్యూయార్క్ ఆసుపత్రి నుంచి ఒక పేషెంట్‌ని మార్చారు. మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఉందని ముందే తెలుసు కాబట్టి విడిగా ఉంచారు, జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. జూలై మధ్యలో ఆమె డిశ్చార్జ్ అయ్యారు. ఇంకెవరికీ రాలేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆగస్టులో ఇంకో పేషెంట్‌లో కనిపించింది, తర్వాత వరసపెట్టి వస్తూనే ఉంది. మొత్తం 18 మందికి సోకింది. వాళ్లలో 11 మంది చనిపోయారు, అందులో 6 మరణాలకు ఈ ఇన్‌ఫెక్షనే కారణమని తేల్చారు. మధ్యలో మూడు వారాలు ఎడం ఉంది కాబట్టి ఇది కొత్తగా బయటి నుంచి వచ్చిందని అనుకోవడానికి వీలుంది. జన్యుపటాలు చదివాక ఆ ఆశ పోయింది. అన్నీ మొదటి పేషెంట్ క్రిమి సంతానమే. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి బయటపడింది. ఎవరికి ముందు జబ్బు కనిపించిందో ఆ వరసలో అంటుకోలేదు. కొందరి పేగుల్లో క్రిమి వారాల పాటు చడీచప్పుడు లేకుండా ఉండి, వాళ్లకి జబ్బు చేయకముందే ఇంకొకరికి చేరింది. అంటే జ్వరం వచ్చినవాళ్లకే కల్చర్ పంపితే గొలుసులో సగం కొక్కేలు కనిపించవు. శుభ్రం చేశామనుకున్న ఒక వెంటిలేటర్ మీద, సింకుల డ్రెయిన్లలో కూడా అదే క్రిమి దొరికింది. చివరికి పైపులు పీకేదాకా వెళ్లాల్సి వచ్చింది.

సింకు దగ్గర కాస్త ఆగాలి. ఐసీయూ సింకు కింద వంకర పైపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలబడి ఉంటాయి, వాసన పైకి రాకుండా. ఆ నీటిలో, గొట్టం గోడలకి పట్టిన జిగురు పొరలో క్లెబ్సియెల్లా లాంటివి హాయిగా బతుకుతాయి. మిగిలిపోయిన గ్లూకోజ్ సీసా, తాగగా మిగిలిన టీ, ట్యూబ్ ఫీడ్ అందులో పారబోస్తే వాటికి భోజనం పెట్టినట్టే. వర్జీనియా యూనివర్సిటీలో 2017లో సింకుల వరస కట్టి చూశారు. కింది వంకరలో వేసిన బ్యాక్టీరియా, మేత అందితే, గొట్టం గోడ పట్టుకుని రోజుకి అంగుళం చొప్పున పైకి ఎక్కింది. జల్లెడ దాకా చేరాక కుళాయి తిప్పితే తుంపర్లతో 30 అంగుళాల దూరం దాకా పడింది. మన ఐసీయూల్లో ఆ దూరంలో ఏముంటుందో తలుచుకుంటే చాలు. మందులు కలిపే ట్రే, ఆరబెట్టిన నెబులైజర్ మాస్క్, ఒక్కోసారి పేషెంట్ తలగడ. నేల ఎంత తుడిచినా, అందరూ చేతులు కడుక్కున్నా, ఆ కడుక్కునే చోటే దారి అయితే కేసులు ఆగవు. పేషెంట్ క్రిమి, సింకు క్రిమి పక్కపక్కన పెట్టి టైప్ చేస్తే తప్ప ఇది బయటపడదు.

మనుషుల సంగతీ చెప్పాలి. కేంబ్రిడ్జ్‌లో ఒక ఆసుపత్రి పసిపిల్లల వార్డులో నెలల తరబడి మందుకు లొంగని స్టాఫిలోకాకస్ తగులుతుంటే, జన్యుపటాలు చదివి అదంతా ఒకే సంతతి అని తేల్చారు. సిబ్బంది 154 మందికి పరీక్ష చేస్తే ఒక్కరి దగ్గర అదే క్రిమి ఉంది. ఆ మనిషికి చికిత్స ఇచ్చారు. ఈ చివరి మాట ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. ఒక్కో నర్సు ఐదారుగురు పేషెంట్లని చూసుకునే చోట క్రిమి చేతి మీదుగా వెళ్లిందంటే అది ఆ చేతి నేరం కాదు, ఆ పని భారానిది. టైపింగ్ ఫలితం మెమో ఇవ్వడానికి వాడారంటే రెండోసారి ఎవరూ స్వాబ్ ఇవ్వరు.

ఇంతవరకు చెప్పింది క్రిమి వంశం గురించి. నిరోధక జన్యువులకి ఆ వంశంతో పెద్ద పని లేదు. 2009లో పేరు పెట్టిన ఎన్‌డీఎం, క్లెబ్సియెల్లాలో ఎక్కువగా కనిపించే ఓఎక్స్‌ఏ-232 లాంటివి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద ఉంటాయి. ఒక క్రిమి దగ్గరి చుట్ట పక్క క్రిమికి చేరుతుంది, క్లెబ్సియెల్లా నుంచి ఈ.కొలై అనే వేరే బ్యాక్టీరియాకి కూడా పోతుంది. అప్పుడు మూడో బెడ్‌లో క్లెబ్సియెల్లా, ఐదో బెడ్‌లో ఈ.కొలై, పేర్లే వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాకింది క్రిమి కాదు, దాని చేతిలోని ఆయుధం. దీన్ని పట్టుకోవాలంటే డీఎన్‌ఏని పొడుగు ముక్కలుగా చదివే సీక్వెన్సింగ్ కావాలి.

డెల్టాకి దగ్గరగా ఉన్న అసలు చిక్కు పేషెంట్ల ప్రయాణం. రాజోలులో పడిపోయిన మనిషిని ముందు దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి, అక్కడి నుంచి అమలాపురానికి, అక్కడా కాకపోతే కాకినాడకో రాజమండ్రికో తీసుకెళ్తారు. ఆఖరికి వైజాగ్, హైదరాబాద్. భీమవరం, నరసాపురం వైపువాళ్లు ఏలూరు, విజయవాడ దారి పడతారు. పది రోజుల్లో మూడు ఐసీయూలు, మధ్యలో అంబులెన్స్ వెంటిలేటర్. ప్రతి మజిలీలోనూ యాంటీబయాటిక్, ప్రతి మజిలీలోనూ కొత్త ట్యూబ్. మూడో చోట కల్చర్‌లో ఏదైనా వస్తే "వచ్చేటప్పుడే తెచ్చుకున్నారు" అనే మాట వినిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ అదే మాటని ఆ మూడు చోట్లా అంటే ఎవరి ఐసీయూలోనూ దారి వెతకరు. ఒక ఆసుపత్రి తన గోడల మధ్య ఎంత టైపింగ్ చేసినా ఈ తగాదా తీరదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లు విడిపోయినట్టు క్రిమి కూడా ఎక్కడో ఒక చోట నుంచి చీలుతుంది. ఏ కాలువలో గుర్రపుడెక్క ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో తెలియాలంటే కాలువ పొడుగునా చూడాలి. రిఫరల్ దారిలో ఉన్న ఆసుపత్రులు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, తమ రకాల నంబర్లని ఒకచోట పెట్టుకుంటేనే ఈ గొలుసు కనిపిస్తుంది.

అలా పెట్టుకోవడానికి అడ్డం డబ్బు కంటే భయం. ఎన్‌డీఎం-1లో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద 2010లో మన దేశంలో పెద్ద రగడే జరిగింది. 2021లో కరోనా రెండో వేవ్‌లో 'ఏపీ స్ట్రెయిన్' అని పేపర్లు, టీవీలు హోరెత్తిస్తే, పక్క రాష్ట్రాల్లో మనవాళ్లని అనుమానంగా చూశారు. ఆ ఎన్440కే రకం అప్పటికే తగ్గిపోతోందని హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీ చెప్పాల్సి వచ్చింది. రేపు ఫలానా ఊరి ఆసుపత్రి క్రిమి అని పేపర్లో వస్తే ఓపీ ఖాళీ అయిపోతుందని యాజమాన్యాలకి టెన్షన్ ఉండటంలో ఆశ్చర్యం లేదు. వెతికినవాళ్లకే దొరుకుతుంది, వెతకనివాళ్లకి ఏమీ ఉండదు. ఈ లెక్కలో నిజాయితీగా చూసుకునే ఆసుపత్రే దోషిలా కనిపిస్తుంది. అందుకని ఆసుపత్రుల పేర్లు లేకుండా కోడ్ నంబర్లతో ఫలితాలు పంచుకునే ఏర్పాటు కావాలి. అది లేనిదే ఎవరూ ముందుకు రారు.

చెరువుల మాట కూడా రాక తప్పదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల, చేపల చెరువులు చూసి, ఐసీయూలో మొండి క్రిములు అక్కడి నుంచే వస్తున్నాయని తేల్చేసేవాళ్లున్నారు. కోళ్లకి, చెరువులకి, మేతకి కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి యాంటీబయాటిక్ వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది, అది సరైన పనే. కానీ ఐసీయూ క్లెబ్సియెల్లా చెరువు క్లెబ్సియెల్లా సంతానమా అన్నది ఊహతో తేల్చే ప్రశ్న కాదు. ఇటలీలో పావియా ఊరి చుట్టూ మనుషులు, పశువులు, నీళ్లు, మట్టి నుంచి తీసిన మూడు వేలకు పైగా క్లెబ్సియెల్లా జాతి క్రిముల్ని చదివితే, మనుషుల జబ్బులకి మూలం ఎక్కువగా మనుషులే అని వచ్చింది. మన డెల్టా పావియా కాదు. ఇక్కడ కాలువ, చెరువు, ఇల్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, జవాబు వేరే రావచ్చు. ఆ జవాబు వచ్చేదాకా తప్పంతా చెరువు మీద తోసేసి సింకుని వదిలేయడం ఐసీయూకి మంచిది కాదు.

సీక్వెన్సర్ లేదు కాబట్టి ఏం చేయలేం అనేవాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. సీక్వెన్సింగ్ ఎక్కడైనా చేయించవచ్చు. కరోనా కాలంలో శాంపిల్స్ హైదరాబాద్ పంపి చదివించిన అనుభవం రాష్ట్రానికి ఉంది. మొదట కావలసింది క్రిమి చేతిలో ఉండటం. మామూలుగా రిపోర్ట్ ఇచ్చేశాక ఆ క్రిమిని పెంచిన కల్చర్ ప్లేట్‌ని, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో వేసి పారేస్తారు. ఐదో బెడ్‌లో కేసు వచ్చేసరికి మూడో బెడ్ క్రిమి బూడిదలో కలిసిపోయి ఉంటుంది, ఇక దేంతో పోలుస్తాం? ప్లేట్ మీది బ్యాక్టీరియాని కాస్త గ్లిసరాల్ కలిపిన బొటనవేలంత వయల్‌లోకి తీసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. మెరోపెనెమ్‌కి లొంగని ప్రతి ఐసీయూ క్రిమినీ అలా దాచుకుంటే, నెలలో ఒకే వార్డు నుంచి రెండు మూడు కేసులు వచ్చినప్పుడు ఆ వయల్స్ మాత్రమే పంపవచ్చు. అందరివీ చదివించే పని లేదు. మెడికల్ కాలేజీ లాబ్‌లో మామూలు పీసీఆర్ యంత్రం ఉంటే, దాంతోనే ముందు చౌకగా చారల పోలిక చూసుకుని, అనుమానం నిలిచినవే సీక్వెన్సింగ్‌కి పంపొచ్చు. తుఫాను రోజుల్లో కరెంటు పోయినా ఫ్రీజర్ ఆగకుండా జనరేటర్ లైను ఇవ్వాలి, అంతే.

వయల్ మీద రాయాల్సినవి కొన్నే. ల్యాబ్ నంబరు, బెడ్ నంబరు, శాంపిల్ తీసిన తేదీ. వీటితో పాటు రిజిస్టర్‌లో ఇంకో గడి ఉండాలి, దాంట్లో రాయాల్సిన సమాచారం బయట బెంచీ మీద ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది: "ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడ చూపించారమ్మా? ఒక్కోచోట ఎన్ని రోజులున్నారు?"